రెండో సగం చూడని సినిమా

నేను ఫ్లాప్ సినిమాల తరఫు మనిషిని. ఎవరైనా ఒక సినిమాను చీల్చి చెండాడుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొదటి ఆట వదలకముందే ఫోన్లో తీర్పు చెప్పేసేవాళ్ళను, అంతమంది కష్టానికి ఒకటిన్నర చుక్కల రేటింగు విదిల్చి చేతులు దులుపుకునేవాళ్ళను చూస్తే నా నోరు ఊరుకోదు. సీరియళ్ళ సంగతీ అంతే. ఒకే ముఖాన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారని అందరూ నవ్వుతారు. చూపిస్తే ఏం పోయింది? వంటింట్లో చెయ్యి తీరిక లేని మనిషి మొదటిసారి తలెత్తలేకపోతే రెండోసారి చూస్తుంది. రెండోసారికి పాలు పొంగాయంటే మూడోసారి చూస్తుంది. ఆ మూడుసార్లూ ఆమె కోసమే. ఈ మాట నేను ఎంతమందితో వాదించానో లెక్కలేదు.

ఈ బుద్ధి నాకు పుదుచ్చేరిలో పుట్టడం వల్ల వచ్చింది. ఎప్పుడో ముత్తాతల కాలంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలు మావి. వీధిలో తమిళం, బడిలో తమిళమూ ఇంగ్లీషూ, ఇంట్లో మాత్రం తెలుగు. ఆ తెలుగులో సగం తమిళమేనని పెళ్ళయ్యాక నెల్లూరులో మా అత్తగారు అనేవారు. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను కూడా ఆ నెల్లూరులో బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్నే. తర్వాత మా ఆయన ఉద్యోగం ఇటు మారి మళ్ళీ ఇక్కడికే వచ్చి పడ్డాను.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక హాల్లో ఆదివారం పొద్దున తెలుగు ఆట వేసేవారు. వారమంతా తమిళ సినిమాలు, ఆ ఒక్క ఆట మాది. విల్లియనూరు నుంచి, కాలాపేట వైపు నుంచి తెలుగువాళ్ళు పిల్లాపాపలతో బస్సుల్లో దిగేవారు. బజారులో అంగళ్ళున్నవాళ్ళు ఆ పూటకు తలుపులు మూసుకుని వచ్చేవారు. ఆడవాళ్ళ చేతుల్లో మురుకుల డబ్బాలు, తలల్లో మల్లెపూలు. తెర మీద హీరో తెలుగులో అరుస్తుంటే, వెనక వరసలో ఎవరో తల్లి కూతుర్ని తెలుగులో కసిరేది. సోడా అమ్మేవాడు కూడా ఆ పూటకు వచ్చీరాని తెలుగులో కేకేసేవాడు. బయట అంత పెద్ద గొంతుతో మేం తెలుగు మాట్లాడేవాళ్ళం కాదు. ఎవరూ వద్దనలేదు, ఎందుకో మాకే మొహమాటం. ఆ మూడు గంటలూ మాత్రం మొహమాటం ఉండేది కాదు. ఇప్పుడా హాలు లేదు. అక్కడ పెళ్ళిబట్టల షాపు వచ్చింది. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ చీకట్లో, ఆ గోలలో ఇంకొక్కసారి కూర్చోవాలని ఉంటుంది నాకు.

మాకు తెలియని సంగతి ఒకటుంది. బాగా ఆడుతున్న సినిమా పెట్టె మా దాకా ఎందుకొస్తుంది? తెలుగు ఊళ్ళలో ఎవరూ అడగని పెట్టెలే మాకొచ్చేవి. గీతలు పడి, మధ్యలో రీళ్ళు మాయమై, పాట మొదలవగానే తెగిపోయి వచ్చేవి. అవి ఫ్లాపులని మాకెవరూ చెప్పలేదు. మేం చూసినవే గొప్ప సినిమాలనుకున్నాం, వాటిలో వేసినవాళ్ళే పెద్ద హీరోలనుకున్నాం. మా చుట్టాల్లో ఇద్దరు మగపిల్లలకు ఒక హీరో పేరు పెట్టుకున్నారు. ఆ హీరో మూడు నాలుగు సినిమాలు చేసి అడ్రసు లేకుండా పోయాడని నాకు నెల్లూరు వెళ్ళాకే తెలిసింది.

అక్కడ కొత్త కోడలిగా వెళ్ళిన రోజుల్లో, నీకు నచ్చిన సినిమా ఏదమ్మా అని ఎవరో ముచ్చటగా అడిగారు. నేను ఒక సినిమా పేరు చెప్పాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మా ఆయన చిన్నాన్నకు ఆ పేరు గుర్తొచ్చి, కడుపు పట్టుకుని నవ్వారు. అది నిర్మాతను ఇల్లు అమ్ముకునేలా చేసిన సినిమా అట. నేను తగ్గలేదు. మా ఊళ్ళో అది ఎంత బాగా ఆడిందో, దాంట్లో కథ ఎంత బాగుంటుందో చెప్పి వాదనకు దిగాను. కొత్త పెళ్ళికూతురు తలొంచుకుని కూర్చోకుండా ఫ్లాపు సినిమా కోసం పెద్దవాళ్ళతో పోట్లాడిందని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు విషయం ఏమిటంటే, ఆ సినిమా నేను చూడలేదు. అది నేను పుట్టకముందే ఒకే ఒక్క ఆదివారం మా ఊరికి వచ్చి వెళ్ళిపోయింది. నాకు తెలిసిందంతా అమ్మ చెప్పిందే. సాయంత్రాలు పూలు కడుతూ అమ్మ ఆ కథ చెప్పేది. ఒక ఊళ్ళో గడియార స్తంభం ఉంటుంది, అందులో గడియారం ఏళ్ళ తరబడి ఆగిపోయి ఉంటుంది. దాన్ని బాగుచేయడానికి పొరుగూరు నుంచి ఒకతను వస్తాడు. ఆ ఊరిపెద్ద గారి కూతురు రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని ఆ స్తంభం కిందికి వస్తుంది. ఎన్నాళ్ళకు తిరుగుతుంది మీ గడియారం అని అడుగుతుంది. మీరు రావడం మానేసిన రోజున, అంటాడతను పైనుంచి. ఇక్కడికి వచ్చేసరికి అమ్మ చేతిలో దారం ఆగిపోయేది. గడియారం ఎప్పుడో బాగయిపోయిందని, ఆమె వస్తుందని అతను మళ్ళీ మళ్ళీ ఆపేస్తున్నాడని అమ్మ నాకు విడమరిచి చెప్పేది. అంతవరకూ మాటకు మాట చెప్పేది. ఆ తర్వాత ఏమైంది అంటే మాత్రం, "అప్పరం అంతా మంచిగా అయిపోయినాది" అని పూల బుట్ట తీసుకుని లేచి వెళ్ళిపోయేది. కథలో అంతకుమించి చెప్పడానికేం లేదేమో అనుకునేదాన్ని.

నాయన ఆ కథ వినేవాడు కాదు. మా నాయనకు తాళ్ళు, గోనెసంచులు, టార్పాలిన్లు అమ్మే అంగడి ఉండేది. వీరాంపట్టినం నుంచి పడవలవాళ్ళు తాళ్ళకోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన ఎక్కడా కుదురుగా కూర్చోలేడు. పెళ్ళికి వెళితే తలంబ్రాలు పడుతుండగానే చెప్పుల కోసం వెతుక్కునేవాడు. తేరు తిరునాళ్ళకు వెళితే తేరు కదలకముందే తిరుగు బస్సు ఎక్కేవాడు. ఇంట్లో టీవీ ఉంటే గడప దగ్గర నిలబడి వార్తలు రెండు ముక్కలు విని వెళ్ళిపోయేవాడు. నాకు ఊహ తెలిశాక ఆయన సినిమాకు రావడం నేను చూడలేదు. ఆదివారం మమ్మల్ని హాలు దగ్గర దింపి అంగడికి వెళ్ళిపోయేవాడు. మాటలు కూడా తక్కువే. ఆయన అమ్మను మెచ్చుకోవడం నేను వినలేదు, తిట్టడమూ వినలేదు.

ఆయన పోయిన కొత్తల్లో అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పుడు అమ్మ ఆ గడియారం కథను మా పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిందే చెబుతుంటే, ఆ సినిమా ఎక్కడైనా దొరికితే అమ్మకు చూపించాలని నాకు అనిపించింది. ఫోన్లో ఎంత వెతికినా సినిమా దొరకలేదు. దొరికింది ఒక వీడియో. హైదరాబాదులో ఎవరో కుర్రవాడు పాత ఫ్లాపు సినిమాలను వరసగా తీసుకుని ఉతికి ఆరేస్తుంటాడు. కళ్ళజోడు, గడ్డం, చేతిలో కాఫీ కప్పు, మాటకు ముందే నవ్వు. మా సినిమాను ఇరవై నిమిషాల పాటు ఉతికాడు. గడియారం బాగుచేయడానికి వచ్చినవాడు పులితో ఎందుకు కుస్తీ పడుతున్నాడని అడిగాడు. ఈ కథలో గడియారం ఒకటుందని డైరెక్టరు రెండో సగంలో మర్చిపోయాడన్నాడు. చివరికి, ఇంటర్వెల్‌కు లేచి వెళ్ళిపోయినవాళ్ళు అదృష్టవంతులన్నాడు.

మిగతావి ఎలాగో మింగాను గానీ ఆ చివరి మాట నాకు మింగుడు పడలేదు. ఇంటర్వెల్‌కు లేచి వెళ్ళిపోవడం అనేది మా ఇళ్ళలో తేలిగ్గా అనే మాట కాదు. ఎందుకో చెప్పాలి.

ఆ రోజుల్లో మా వాళ్ళ పెళ్ళిచూపులు ఇళ్ళల్లో జరిగేవి కావు, ఆ హాల్లో జరిగేవి. ఊరంతా వచ్చేచోట రెండు కుటుంబాలు కలిస్తే ఎవరికీ అనుమానం రాదు, పిల్ల మీద మాట రాదు. అబ్బాయి తరఫువాళ్ళు ముందు వరసలో కూర్చునేవారు. అమ్మాయి తరఫువాళ్ళు వెనక రెండు మూడు వరసలు వదిలి కూర్చునేవారు. అమ్మాయికి అబ్బాయి వీపు కనిపిస్తుంది, అబ్బాయికి వెనక్కి తిరగడానికి సిగ్గు. ఇంటర్వెల్‌లో సోడా బండి దగ్గర అందరూ అనుకోకుండా కలిసినట్టు కలిసేవారు. అక్కడే చూసుకోవడం. గంట మోగాక అబ్బాయి వాళ్ళు తిరిగి వచ్చి తమ సీట్లలో కూర్చుంటే సంబంధం ఖాయం. నచ్చకపోతే వాళ్ళలో పెద్దాయన పైకి వినబడేలా సినిమా బాగలేదు, పోదాం అనేవాడు. అంతే, వెళ్ళిపోయేవారు. ఎవరూ ఎవరినీ నొప్పించినట్టు కాదు. కానీ వెనక వరసలో ఉన్న అమ్మాయికి ముందు వరస ఖాళీగా కనిపించేది, ఆ ఖాళీని చూస్తూ రెండో సగమంతా కూర్చోవాలి. మధ్యలో లేచి వెళ్ళిపోతే అందరికీ తెలిసిపోతుంది. అందుకే మా ఇళ్ళలో ఎవరి నోటా సినిమా బాగలేదనే మాట రాదు. ఆ మాట వింటే మా అమ్మమ్మ చెంపలు వేసుకునేది.

అమ్మను నాయనకు చూపించింది ఆ గడియారం సినిమాకే. విల్లియనూరు నుంచి వచ్చిన నాయన వాళ్ళు గంట మోగాక తిరిగొచ్చి కూర్చున్నారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. అందుకే ఆ సినిమాను ఎవరేమన్నా నాకు మా అమ్మను అన్నట్టే ఉంటుంది.

ఆ వీడియో కింద నేను పొడుగ్గా రాశాను. మీకు కథలో ఓర్పు లేదన్నాను. ఒక మనిషి తన పని పూర్తయినా పూర్తి కానట్టు నటించడం ఎంత మంచి ఊహో మీకెలా తెలుస్తుందన్నాను. అతను జవాబిచ్చాడు, మర్యాదగానే. "మేడమ్, మీరు సినిమా చూశారా?" అని అడిగాడు. మా అమ్మ చూసిందని రాశాను. దాని కింద ఎంతమంది నవ్వు బొమ్మలు పెట్టారో చెప్పను. నేను ఆగలేదు. ఆ ఏడాదంతా అతను ఏ సినిమాను ఉతికినా వెళ్ళి దాని తరఫున నిలబడ్డాను. కూర మాడుతున్నా వాదన వదల్లేదు. ఆ గొడవంతా అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మ నవ్వి, నీకేం పని లేదా అనేది, కానీ లోపల సంతోషించేదని నాకు తెలుసు.

నాయన సంవత్సరీకానికి చుట్టాలొచ్చారు. నాయన అక్క, అంటే మా మేనత్త, విల్లియనూరు నుంచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మంచి హాస్యం, ఎవరూ ఏడవకుండా చూసుకునే తత్వం. భోజనాలయ్యాక ఆకులు ఎత్తేసి ఆడవాళ్ళం హాల్లో చేరాం. మాటల్లో ఆ సినిమా వచ్చింది. నేనే తెచ్చాను, నా గొడవ చెప్పి. అత్త నవ్వుతూ, ఆ రోజు అసలేం జరిగిందో మీకెవరికీ తెలీదంది. ఇంటర్వెల్‌లో చూశాక మా నాయనమ్మకు అమ్మ నచ్చలేదట, మరీ సన్నగా ఉందని. వాళ్ళు బయల్దేరుతుంటే నాయన కదల్లేదట.

"సినిమా చూసిపోతాం ఉండండి, అన్యాడు మా తమ్ముడు" అంది అత్త, అమ్మ వైపు తిరిగి. "వానికి ఆ గడియారం పిచ్చి పట్టినాది. లోపలికి పోయి కూచున్యాడు. వాని వెనకాల మేమూ పోక తప్పలా. కూచున్నంక మాట ఇచ్చినట్టే గదా. ఆ సినిమానే నీకు మొగుణ్ణి తెచ్చిపెట్టినాది అమ్మాయీ."

అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. అత్తకు అమ్మ మీద ప్రేమే తప్ప ఇంకో ఉద్దేశం లేదు.

ఆ తర్వాత అమ్మ గడియారం కథ చెప్పడం మానేసింది. పిల్లలు అడిగినా తలనొప్పి అనేది. కొన్నాళ్ళు పోయాక, మిద్దె మీద వడియాలు పెడుతున్నప్పుడు ఉన్నట్టుండి నోరు విప్పింది. ఆ రోజు రెండో సగం తను చూడలేదంది. గంట మోగాక నాయన వచ్చి కూర్చునేదాకా గుండె అదరడమే సరిపోయింది. కూర్చున్నాక ఆ తల వెనక భాగాన్ని, మెడను చూస్తూ ఉండిపోయింది. తెర మీద ఏం జరిగిందో తెలీదు. ఆ మనిషి తన కోసం తిరిగి వచ్చాడని అన్నేళ్ళూ అనుకుంది. ఒక్క మాట మెచ్చుకోకపోయినా, ఒక్క సినిమాకు తీసుకుపోకపోయినా, ఆ ఒక్కటి తలుచుకుని సర్దుకుంది. ఇప్పుడు వదిన ఇలా అంటోంది.

అత్త మాటలకేం, ఆమె తమాషాకు అంటుంది, అన్నాను. నాయనకు సినిమా పిచ్చి ఉంటే తర్వాత ఒక్కసారైనా వచ్చేవాడు కదా అన్నాను.

"పెండ్లికి ముందర ఆయన ఎట్టుండేవాడో నాకేం తెలుసు" అంది అమ్మ. "పెండ్లయినాక అంగడి వచ్చినాది, పిల్లలొచ్చినారు. అప్పుడు పిచ్చి ఉండిందేమో. పైగా అది మంచి సినిమా అని నువ్వే గదా పాపా ఊరందరితో కొట్లాడతా ఉండావు."

ఏడాది పొడుగునా నేను గెలవాలని చూసిన వాదన అమ్మకు ఎదురు నిలబడింది. సినిమా బాగుంటే, నాయన సినిమా కోసమే కూర్చున్నట్టు. నేను దానికి ఒక్కో మంచి గుణం వెతికి తెచ్చినప్పుడల్లా అమ్మ దగ్గర నుంచి నాయనను కొంచెం లాగేసినట్టయింది.

"ఆ రెండో సగం యాడన్నా దొరుకుతాదేమో చూడు" అంది అమ్మ, వడియం మీద నుంచి తలెత్తకుండా. "ఏముండాదో నా కండ్లతో చూస్తే సరిపోతాది."

ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. ఒక్కడి దగ్గరే ఉంటుంది. అంత వివరంగా తిట్టాలంటే మొత్తం సినిమా చేతిలో ఉండాలి కదా. ఏడాదిగా నేను కయ్యానికి దిగుతున్న ఆ కుర్రవాడికే మెసేజ్ పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండుసార్లు రాసి చెరిపాను. నాయన పోయిన సంగతి, హాల్లో పెళ్ళిచూపుల సంగతి, అత్త అన్న మాట, అన్నీ రాశాను. మర్నాటికి జవాబొచ్చింది. ఎవరో వీడియో క్యాసెట్ల దుకాణం మూసేస్తూ పాత టేపులు తూకానికి అమ్మేస్తుంటే కొన్నాడట, అందులో ఉందట. ఫోన్లోకి ఎక్కించి సినిమా మొత్తం పంపించాడు. దాంతోపాటు ఒక మాట రాశాడు, "ముందే చెబుతున్నాను మేడమ్, రెండో సగం భరించడం నిజంగా కష్టం."

మీ నోటి మాట నిజం కావాలి బాబూ, అని రాశాను. ఇన్నాళ్ళ తర్వాత నాకు పిచ్చి ముదిరిందనుకుని ఉంటాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక సినిమా టీవీలో పెట్టాను. మొదటి సగం వద్దంది అమ్మ, అది తనకు వచ్చు. కళ్ళజోడు కొంగుతో రెండుసార్లు తుడుచుకుని, దివాను మీద కాళ్ళు మడుచుకుని, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఎన్నో చెత్త సినిమాలను కడుపులో పెట్టుకుని కాపాడినదాన్ని, జీవితంలో మొదటిసారి ఒక సినిమా బాగుండకూడదని మొక్కుకున్నాను.

మొదలవడమే వానతో మొదలైంది. గడియార స్తంభం లోపల అతను లాంతరు వెలిగిస్తాడు. ఆమె మెట్ల మీద తడిసి కూర్చుని ఉంటుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోరు. అతను ఆగి ఉన్న చక్రాన్ని వేలితో నెడతాడు, అది కదులుతుంది, ఆమె ఆ చప్పుడు విని అతని అబద్ధమంతా తెలుసుకుని నవ్వుతుంది. పాత టేపు మీద గీతల మధ్య నుంచి కూడా ఆ నవ్వు బాగుంది. నిజంగా బాగుంది.

"బాగుండాదే" అంది అమ్మ, చెడ్డ కబురు విన్నట్టు నెమ్మదిగా.

ఆ తర్వాత అతనికి కవల తమ్ముడు పుట్టుకొచ్చాడు. ఆ తమ్ముడు కొండల్లో దొంగ. అతన్ని వెతుక్కుంటూ వెళ్ళిన హీరో తలకు రాయి తగిలి గతం మర్చిపోయాడు. పులి వచ్చింది. పులి లోపల మనిషి ఉన్నాడని పులి మోకాళ్ళు చూస్తే తెలుస్తోంది. దాంతో కుస్తీ ఎంతకీ తెగదు. మధ్యలో కథతో ఏ సంబంధమూ లేని మంగలి ఒకడు వచ్చి కథతో ఏ సంబంధమూ లేని మునసబుకు గుండు చేయడం మొదలుపెట్టాడు, ఆ హాస్యం మేం వేసుకున్న వక్కలు నమిలి మింగేదాకా సాగింది. హీరోయిన్‌కు చూపు పోయింది. చూపు పోయిన మనిషి చేత డప్పుల మీద డాన్సు చేయించారు. ఉరుము ఉరిమితే చూపొచ్చింది. హీరో తల్లి సర్కస్‌లో దొరికింది. మళ్ళీ ఆ పులే వచ్చింది.

నేను తెర వైపు కంటే అమ్మ వైపే ఎక్కువ చూశాను. మొదట వంగి కూర్చున్న మనిషి కాస్త కాస్తగా నిటారుగా అయింది. గుండు దగ్గర పెదవులు బిగించింది. డప్పుల దగ్గర కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, తెరకు కొంచెం దగ్గరగా జరిగింది. రెండోసారి పులి వచ్చినప్పుడు ఇంకా ఎంత ఉండాది అని అడిగింది. ఇంకా ముప్పావు గంట ఉందన్నాను. పోనీ అక్కడక్కడా దాటించనా అంటే ఒప్పుకోలేదు. ఒక్క ముక్క కూడా వదలకుండా చూడాలంది. ఆ ముఖంలో ఏదో వెలుగు మొదలైంది. అంత చెత్తను అంత ఆశగా చూసిన ప్రేక్షకురాలు ఆ సినిమాకు ఇంకొకరు దొరికి ఉండరు.

"ఆ హాల్లో అప్పుడు ఫ్యాన్లు కూడా పనిచెయ్యవు" అంది, నాతోనో తనతోనో. "చిత్తిర నెల ఎండలు. మెడ మింద చెమట కాల్వ కట్టతా ఉన్నింది ఆయనకి. అయినా కదల్లా."

నాకు నాయన కళ్ళ ముందుకొచ్చాడు. పెళ్ళి పందిట్లో పావుగంట కూర్చోలేని మనిషి, గంజి పెట్టిన చొక్కా వేసుకుని, ఆ ఉక్కలో, తల్లి గుర్రుగా పక్కనే కూర్చుని ఉండగా, ఆ పులిని, ఆ గుండును, ఆ డప్పులను కళ్ళప్పగించి చూస్తూ. వెనక్కి తిరగడానికి లేదు. లేస్తే అయిపోతుంది. ఆయన ఉండి ఉంటే ఆయన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చేదాన్ని. బతికున్నన్నాళ్ళూ ఆయనకు మాటలు రావనుకున్నాను.

శుభం అని పడింది. గడియారం సంగతి చివరిదాకా ఎవరికీ గుర్తు రాలేదు, ఆ కుర్రవాడు చెప్పినట్టే. నేను టీవీ ఆపేశాను. వీధిలో ఐస్ బండి గంట వినిపించి దూరమైంది. అమ్మ నా వైపు తిరిగి, కోర్టులో అడిగినట్టు అడిగింది.

"నువ్వు నిజం చెప్పు. దీన్ని చూసేదానికి ఎవురన్నా కూచుంటారా?"

నేను ఏ సినిమా గురించీ ఆ మాట అనలేదు. ఎంతమంది నవ్వినా అనలేదు.

"ఎవురూ కూచోరుమా" అన్నాను. "ఇంత చెత్త సినిమా నేను యాడా చూళ్ళా."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది, భుజాలు ఊగేలా. నవ్వు ఆగాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంత ఓర్చుకున్నానని ఒక్క మాట చెప్పకూడదా ఈయన" అంది. "తెలిసుంటే నేనూ ఆయన్ని ఇంకా కొంచెం మంచిగా చూసుకునుంటా గదా."